రొమ్ము క్యాన్సర్: మీ ఇంటి ఆరోగ్య చరిత్రను ఎలా రాసుకోవాలి, దానితో ఏం చేయాలి

అమ్మకో, పిన్నికో రొమ్ము క్యాన్సర్ అని తేలిన రోజు నుంచి ఆ ఇంటి ఆడపిల్లలందరి మనసులో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: రేపు నాకూ వస్తుందా? దీనికి అవుననో కాదనో ఏ డాక్టరూ చెప్పలేరు. కానీ మీకు అవకాశం ఎంత, పరీక్షలు ఏ వయసులో మొదలుపెట్టాలి, జన్యు పరీక్ష అవసరమా అన్నవి చెప్పగలరు. అలా చెప్పాలంటే ముందు మీ బంధువుల వివరాలు వాళ్ల ముందు ఉండాలి. ఓపీలో పది నిమిషాల్లో అడిగితే మనకు సగం గుర్తుకు రావు. అందుకే ఆ వివరాలను ఇంట్లోనే, తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే, ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఎలాగో ఒక్కో పనిగా చెబుతాను.

మొదటి పని: భయం ఎంత ఉండాలో అంతే ఉంచుకోండి

రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి 100 మందిలో 5 నుంచి 10 మందికి మాత్రమే అది పుట్టుకతో వచ్చిన ఒక జన్యు లోపం వల్ల వస్తుంది. మిగతావాళ్లలో వయసు, హార్మోన్లు, బరువు, మద్యం, ఇంకా మనకు అంతుపట్టని కారణాలు కలిసి పనిచేస్తాయి. ఈ జబ్బు వచ్చిన ప్రతి 9 మందిలో దాదాపు 8 మంది స్త్రీలకు తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లలో ఎవరికీ అది లేదు. అంటే "మా ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి నాకు రాదు" అన్న ధీమా తప్పు. "అమ్మకు వచ్చింది కాబట్టి నాకు ఖాయం" అన్న టెన్షన్ కూడా అంతే తప్పు.

తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లలో ఒకరికి వచ్చి ఉంటే మీ అవకాశం దాదాపు రెట్టింపవుతుంది. ఇద్దరికి వస్తే సుమారు మూడు రెట్లు. మన దేశంలో సాధారణంగా చెప్పే లెక్క, జీవితకాలంలో 28 మంది స్త్రీలలో ఒకరికి ఈ జబ్బు వస్తుందని. రెట్టింపు అంటే ఆ 28 మందిలో ఇద్దరు. మిగతా 26 మందికి రాదు. అదే బీఆర్‌సీఏ1 లేదా బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉన్న స్త్రీలను తీసుకుంటే, 80 ఏళ్లు వచ్చేలోగా 100 మందిలో దాదాపు 70 మందికి వస్తుంది. ఈ రెండు గుంపులకూ మధ్య చాలా దూరం ఉంది. మీరు దేనికి దగ్గరగా ఉన్నారో తేల్చుకోవడానికే ఈ శ్రమంతా.

రెండో పని: ఎవరెవరిని రాయాలి

రక్త సంబంధీకులనే రాయండి. ముందు తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కన్నపిల్లలు. తర్వాత అమ్మమ్మ, తాతయ్య, నాయనమ్మ, వాళ్ల సంతానం, అంటే పెద్దమ్మ, పిన్ని, మేనమామ, మేనత్త, పెదనాన్న, చిన్నాన్న. వీలైతే వాళ్ల పిల్లలు కూడా. మూడు తరాలు వస్తే చాలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనం చిన్నాన్న భార్యనూ పిన్ని అంటాం, అమ్మ చెల్లెలినీ పిన్ని అంటాం. మేనమామ భార్య అత్తే, నాన్న తోబుట్టువు కూడా అత్తే. "మా పిన్నికి వచ్చింది డాక్టర్ గారూ" అంటే ఆమెతో మీకు రక్త సంబంధం ఉందో లేదో ఆయనకు తెలియదు. అందుకని ప్రతి పేరు పక్కన "అమ్మ సొంత చెల్లెలు", "నాన్న సొంత అక్క" అని విడమరిచి రాయండి.

మేనరికం ఉన్న ఇళ్లలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మీ అమ్మ తన మేనమామను చేసుకుని ఉంటే, మీ నాయనమ్మే మీ అమ్మమ్మకు తల్లి అవుతుంది. ఆమెను ఒకసారే రాసి, రెండు వైపుల నుంచీ గీత కలపండి. మేనరికం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని కాదు. ఈ జన్యువుల్లో ఒక్క కాపీ పాడైనా అవకాశం పెరుగుతుంది, దానికి దగ్గరి పెళ్లితో పనిలేదు. కానీ భార్యాభర్తలిద్దరూ ఒకే కుటుంబం వాళ్లై, ఇద్దరిలోనూ బీఆర్‌సీఏ2 లోపం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశంతో ఫాంకోని ఎనీమియా అనే తీవ్రమైన జబ్బు రావచ్చు. అందుకే మేనరికం సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఇక నాన్న వైపు. నేను ఇలా కాగితం రాయించిన ఇళ్లలో ఎక్కువ మంది ఖాళీగా వదిలేసింది ఆ సగమే. రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ల జబ్బు కాబట్టి అమ్మ వైపు చూస్తే చాలనుకుంటారు. బీఆర్‌సీఏ1 ఉండేది 17వ క్రోమోజోమ్ మీద, బీఆర్‌సీఏ2 ఉండేది 13వ దాని మీద. ఆడ, మగ తేడాను నిర్ణయించే క్రోమోజోములతో వీటికి సంబంధం లేదు. నాన్నలో లోపం ఉంటే ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, సగానికి సగం అవకాశంతో అది చేరుతుంది. నాన్నకు ఏ జబ్బూ రాకపోవచ్చు. ఆయనకు అక్కచెల్లెళ్లు లేకపోతే ఆ లోపం రెండు తరాలపాటు ఎవరి కంటా పడకుండా నడిచి, మీ దగ్గర బయటపడవచ్చు. అందుకని ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కూడా రాయండి. "నాన్న వైపు ఆడవాళ్లు ఒక్కరే, ఆమె కూడా చిన్నప్పుడే ప్రమాదంలో పోయింది" అన్న మాట కూడా డాక్టర్‌కి పనికొచ్చే సమాచారమే.

మూడో పని: ఒక్కొక్కరి గురించి ఏం అడగాలి

అన్నిటికంటే ముఖ్యమైనది వయసు. చనిపోయిన వయసు కాదు, జబ్బు బయటపడిన వయసు. 72 ఏళ్లకు నాయనమ్మకు వచ్చిన క్యాన్సర్ వేరు, 38 ఏళ్లకు మేనత్తకు వచ్చినది వేరు. 1990లో మేరీ క్లేర్ కింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, తర్వాత బీఆర్‌సీఏ1 అని పేరొచ్చిన జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉందో చూపించారు. ఆమెకు దారి చూపినవి కుటుంబ వృక్షాలే, అందులోనూ చిన్న వయసులో జబ్బు వచ్చిన కుటుంబాలవి. మనం ఇప్పుడు వయసు కోసం ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

పెద్దవాళ్లకు సంవత్సరం గుర్తుండదు. గుర్తుండేవాటితో ముడిపెట్టి అడగండి. కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016లో వచ్చాయి, గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015లో వచ్చాయి. "పుష్కరాలకు ముందా, తర్వాతా?" "పెద్దబ్బాయి పెళ్లికి ఆవిడ బాగానే ఉందా?" దివిసీమ వైపు వాళ్లయితే 1977 ఉప్పెన. ఇలా అడిగితే రెండు మూడేళ్ల తేడాతో వయసు దొరికిపోతుంది, అది చాలు.

తర్వాత జబ్బు ఎక్కడ మొదలైంది అన్నది. "లివర్ క్యాన్సర్‌తో పోయింది" అంటారు. తీరా చూస్తే రొమ్ములో మొదలై కాలేయానికి పాకినది అయి ఉంటుంది. ఒక రొమ్ములోనా, రెండింటిలోనా? రిపోర్టులో ట్రిపుల్ నెగెటివ్ (హార్మోన్ మందులు పనిచేయని ఒక రకం రొమ్ము క్యాన్సర్) అని ఉందా? మగవాళ్లలో ఎవరికైనా రొమ్ములో గడ్డ వచ్చిందా, ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందా? ఎవరికైనా క్లోమం, అంటే పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చిందా?

అండాశయ క్యాన్సర్ గురించి ప్రత్యేకంగా అడగాలి. ఎందుకంటే అదీ రొమ్ము క్యాన్సరూ ఒకే జన్యువులో లోపం వల్ల ఒకే కుటుంబంలో కనిపించవచ్చు. 2013 మే నెలలో నటి ఏంజెలినా జోలీ తనలో బీఆర్‌సీఏ1 లోపం ఉందని, ముందుజాగ్రత్తగా రెండు రొమ్ములకూ ఆపరేషన్ చేయించుకున్నానని న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. ఆమె తల్లి 56 ఏళ్లకే క్యాన్సర్‌తో చనిపోయారు. మన ఇళ్లలో ఈ అండాశయ క్యాన్సర్‌కు ఆ పేరు ఉండదు. "పొట్టలో నీరు చేరింది, ఎన్నిసార్లు తీసినా మళ్లీ వచ్చింది", "కడుపులో గడ్డ అన్నారు" అని చెబుతారు. ఇవి వేరే జబ్బుల్లోనూ వస్తాయి కాబట్టి మీరే నిర్ధారణకు రావద్దు. ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. "కరెంటు పెట్టించాం", "ఇంజెక్షన్లకు జుట్టంతా ఊడిపోయింది" అంటే మాత్రం రేడియేషన్, కీమోథెరపీ జరిగాయని, అది దాదాపుగా క్యాన్సరేనని అనుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో చాలా రాష్ట్రాలకంటే ఎక్కువ. మీ బంధువుల్లోనూ ఉంటారు. ఎందుకు తీశారు, అప్పుడు అండాశయాలు కూడా తీశారా అని అడగండి. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే రొమ్ము క్యాన్సర్ అవకాశం తగ్గుతుంది, అండాశయ క్యాన్సర్ దాదాపుగా రాదు. అంటే కుటుంబంలో జన్యు లోపం ఉన్నా, ఆ ఆపరేషన్ల వల్ల అది కనబడకుండా పోయి ఉండవచ్చు.

నాలుగో పని: పెద్దవాళ్లను నొప్పించకుండా అడగడం

అన్నిటికంటే కష్టమైనది ఇదే, నా దృష్టిలో. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇంట్లో క్యాన్సర్ మాట ఎత్తరు. సంబంధాలు తప్పిపోతాయని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దు. పేరంటంలోనో, పెళ్లింట్లోనో నలుగురి ముందు అడగకండి. ప్రతి కుటుంబంలోనూ రోగి వెంట ఆస్పత్రికి తిరిగిన మనిషి ఒకరుంటారు, ఎక్కువగా చిన్న కూతురో, కోడలో. వాళ్లను పట్టుకోండి. ముందు మీ కారణం చెప్పండి.

"అత్తయ్యా, నాయనమ్మకు కాకినాడలో ఆపరేషన్ అయింది కదా, అది దేనికో నీకు గుర్తుందా? డాక్టర్ గారు నాన్న వైపు వివరాలు కూడా కావాలన్నారు. నువ్వు చెబితే నాకూ, నీ కూతుళ్లకూ పనికొస్తుంది. బయట ఎవరికీ చెప్పను."

ఇంత చెబితే చాలామంది మాట్లాడతారు. మాట్లాడలేక ఏడిస్తే ఆ రోజుకు ఆపేయండి.

బీరువాలో పాత ఫైళ్లుంటే అడిగి చూడండి. 2007 తర్వాత వైద్యం జరిగితే ఆరోగ్యశ్రీ కాగితాలు ఉండే అవకాశం ఉంది. కావలసింది ముఖ్యంగా బయాప్సీ (గడ్డ నుంచి తీసిన ముక్క పరీక్ష) రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ. ఒరిజినల్ తీసుకోకుండా ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఐదో పని: గీయడం

ఇది తేలిక. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం. క్యాన్సర్ వచ్చినవాళ్ల గుర్తును నింపేయండి, చనిపోయినవాళ్ల మీద అడ్డగీత గీయండి, మేనరికం పెళ్లికి రెండు గీతలు. పక్కన ఏ అవయవం, ఏ వయసులో అని రాయండి. గీయడం రాకపోతే వరుసగా రాసినా ఇబ్బంది లేదు.

ఆరో పని: కాగితం ఏం చెబుతోందో చూడడం

ఈ కిందివాటిలో ఒక్కటి కనబడినా జన్యు పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడాలి:

- దగ్గరి బంధువుల్లో ఎవరికైనా 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్, లేదా ఏ వయసులోనైనా ట్రిపుల్ నెగెటివ్ రకం
- ఒకే మనిషికి రెండు రొమ్ముల్లోనూ క్యాన్సర్
- ఏ వయసులోనైనా అండాశయ లేదా క్లోమ క్యాన్సర్
- మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్, లేదా ఇతర అవయవాలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్
- ఒకే వైపు, అమ్మ వైపో నాన్న వైపో, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మందికి రొమ్ము క్యాన్సర్
- కుటుంబంలో ఎవరికైనా ఇప్పటికే జన్యు లోపం తేలడం

ఒక్క నాయనమ్మకు 70 దాటాక వచ్చింది, ఇంకెవరికీ లేదు అంటే, మిగతా స్త్రీలకు చెప్పే పరీక్షలే మీకూ చాలు.

ఏడో పని: సరైన చోటికి వెళ్లడం

కాగితం తీసుకుని ముందు బ్రెస్ట్ సర్జన్‌నో, క్యాన్సర్ డాక్టర్‌నో కలవండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. జెనెటిక్ కౌన్సెలర్, అంటే జన్యు పరీక్షల గురించి వివరించి సలహా చెప్పేవాళ్లు, ఉన్నారా అని ముందే ఫోన్ చేసి కనుక్కుంటే ఒక ప్రయాణం ఆదా అవుతుంది.

ఆన్‌లైన్‌లో దొరికే గెయిల్ లెక్కతో మీ రిస్క్ చూసుకుని నిశ్చింతగా ఉండిపోకండి. అది తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. మేనత్తలు, నాయనమ్మ, అండాశయ క్యాన్సర్ దానికి కనబడవు. డాక్టర్లు వాడే టైరర్ క్యూజిక్, కాన్‌రిస్క్ లెక్కల్లో అవన్నీ ఉంటాయి. మీకు చెప్పిన శాతం ఏ లెక్కతో వచ్చిందో అడగడం మీ హక్కు.

ఎనిమిదో పని: జన్యు పరీక్ష, చేయించుకోవాల్సి వస్తే

రక్తం లేదా ఉమ్మితో చేస్తారు. ముందు ఎవరికి చేయాలన్నది ముఖ్యం. జబ్బు వచ్చిన మనిషి బతికి ఉంటే మొదట ఆమెకే చేయించండి. ఆమెలో ఫలానా లోపం దొరికితే మిగతావాళ్లకు ఆ ఒక్కదాన్నే వెతికితే సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. ఆమెలో ఉన్నది మీలో లేదని తేలితే, ఆ లోపం తెచ్చే ముప్పు మీకు లేనట్టే. ఆమెను వదిలేసి ముందు మీరే చేయించుకుంటే, "ఏమీ లేదు" అన్న రిపోర్టుకు అంత బలం ఉండదు. మీ కుటుంబంలో ఉన్నది ఇంకా దొరకని లోపం కావచ్చు.

బీఆర్‌సీఏ ఒక్కటే కాదు, పీఏఎల్‌బీ2, టీపీ53, సీహెచ్‌ఈకే2, ఏటీఎం వంటివి కూడా ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి చూసే ప్యానెల్ చేస్తారు. ఏయే జన్యువులు చూస్తారు, ఎంత అవుతుంది, ఫలితాన్ని కూర్చోబెట్టి వివరించేది ఎవరు అన్న మూడూ డబ్బు కట్టకముందే అడగండి.

ఫలితం మూడు రకాలుగా వస్తుంది. లోపం ఉంది, లేదు, మూడోది "అర్థం తెలియని మార్పు". రిపోర్టులో దీన్ని వీయూఎస్ అని రాస్తారు. ఇది మనవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే ప్రపంచంలోని జన్యు సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్లది. వీయూఎస్‌ను లోపం కింద లెక్క కట్టకండి. దాన్ని చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. అప్పుడు కూడా మీ కుటుంబ చరిత్రే దారి చూపుతుంది. ఏడాదికో రెండేళ్లకో ల్యాబ్‌ను అడిగితే, ఈలోగా దాని అర్థం తేలి ఉంటే చెబుతారు.

18 ఏళ్లలోపు పిల్లలకు బీఆర్‌సీఏ పరీక్ష చేయించొద్దు. ఆ వయసులో తెలుసుకుని చేయగలిగింది ఏమీ లేదు. పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకుంటారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట: అక్కడి 2008 నాటి జీనా చట్టం ఆరోగ్య బీమా, ఉద్యోగం విషయంలో జన్యు ఫలితాలను మీకు వ్యతిరేకంగా వాడకుండా అడ్డుకుంటుంది. జీవిత బీమాకు ఆ రక్షణ లేదు. పాలసీ సంగతి ఆలోచించుకుని పరీక్షకు వెళ్లండి.

తొమ్మిదో పని: ఫలితాన్ని బట్టి జాగ్రత్తలు

బీఆర్‌సీఏ లోపం ఉంటే 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎంఆర్‌ఐ, 30 నుంచి దానితోపాటు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా చెబుతారు. లోపం దొరక్కపోయినా కుటుంబ చరిత్ర బలంగా ఉంటే, అందరికంటే చిన్న వయసులో జబ్బు వచ్చిన బంధువు వయసు నుంచి పదేళ్లు తీసేసి పరీక్షలు మొదలుపెడతారు. పిన్నికి 45కి వస్తే మీకు 35 నుంచి. మామోగ్రామ్‌ను మాత్రం 30కి ముందు సాధారణంగా మొదలుపెట్టరు.

ముందుజాగ్రత్తగా రెండు రొమ్ములూ తీసేసే ఆపరేషన్ వల్ల అవకాశం 90 శాతానికి పైగా తగ్గుతుంది. ఇది అత్యవసరం కాదు, ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది. ఆపరేషన్ వద్దు, ఏటా పరీక్షలే చేయించుకుంటాను అనడం కూడా సరైన నిర్ణయమే. అండాశయాల సంగతి అలా కాదు. వాటిలో క్యాన్సర్‌ను తొలి దశలో పట్టుకునే నమ్మకమైన పరీక్ష ఇంతవరకూ లేదు. అందుకే పిల్లలు కనడం పూర్తయ్యాక బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లకు 35 నుంచి 40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40 నుంచి 45 మధ్య అండాశయాలు, వాటి గొట్టాలు తీయించుకోమంటారు. ఈ మాటను వాయిదా వేయొద్దని నేను గట్టిగా చెబుతాను. రొమ్ముల ఆపరేషన్ వద్దనుకునే కొందరికి టామోక్సిఫెన్ మాత్ర ఐదేళ్లపాటు వాడమని డాక్టర్ సూచించవచ్చు.

కుటుంబ చరిత్ర ఏమీ లేనివాళ్లు కూడా 40 దాటాక మామోగ్రామ్ గురించి డాక్టర్‌ను అడగండి. 30 దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం ఉంది. మద్యం మానేయడం, రోజూ నడవడం, మెనోపాజ్ తర్వాత బరువు పెరగకుండా చూసుకోవడం, బిడ్డకు పాలివ్వడం, ఇవన్నీ అవకాశాన్ని కొంత తగ్గిస్తాయి. గడ్డ తగిలితే ఏ వయసైనా, నొప్పి లేకపోయినా ఆ వారమే చూపించుకోండి. క్యాన్సర్ గడ్డలు చాలావరకు నొప్పి పుట్టవు.

ఆఖరి పని: అన్నదమ్ములకు చెప్పడం

లోపం తేలితే అక్కచెల్లెళ్లకు వెంటనే చెబుతాం, అన్నదమ్ములను మరిచిపోతాం. మీ అన్నలో ఆ లోపం ఉందేమో చూడకపోతే, ఆయన కూతురికి తన అవకాశం ఎప్పటికీ తెలియదు. ఆయనకు కూడా అవసరమే. లోపం ఉన్న మగవాళ్లు 35 నుంచి రొమ్ములను డాక్టర్‌తో పరీక్ష చేయించుకోవాలి, ముఖ్యంగా బీఆర్‌సీఏ2 ఉన్నవాళ్లు 40 నుంచి ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ రక్తపరీక్ష మొదలుపెట్టాలి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రిపోర్టు పెట్టకండి. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి చెప్పి, లోపం పేరున్న పేజీని పంపండి. ఆ పేజీ లేకుండా వాళ్ల ఊళ్లో ల్యాబ్‌కు ఏం వెతకాలో తెలియదు.